సాకు డబ్బా

ఆ శుక్రవారం మధ్యాహ్నం నా బల్ల మీదున్న కాగితంలో ఒకే ఒక్క రోల్ నంబరు ఉంది. పైన ‘ఇంటర్నల్ మార్కులు లేనందున పరీక్షకు అనర్హులు’ అని రాసి ఉంది. అనర్హులు అని బహువచనంలో ఉన్నా మనిషి మాత్రం ఒక్కతే. కింద నేను సంతకం పెడితే ఆ అమ్మాయి బిజినెస్ స్టాటిస్టిక్స్ పరీక్ష రాయడానికి లేదు. రాయకపోతే డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోతుంది. వెనక్కి పోతే ఇక చదివించేది లేదని, తనతో పాటు గార్మెంట్స్ ఫ్యాక్టరీకి తీసుకుపోతానని వాళ్ళమ్మ తేల్చి చెప్పిందట. ఈ సంగతి ముందురోజే క్లాసులో పిల్లలు నా చెవిన వేశారు. అయినా పెన్ను మూత తీశాను. తొమ్మిది అసైన్‌మెంట్లు ఇస్తే తొమ్మిదికి తొమ్మిదీ ఎగ్గొట్టిన మనిషి మీద నాకేం జాలి రాలేదు. కాగితం నాలుగింటికల్లా పరీక్షల విభాగానికి చేరాలి. అప్పటికి టైము రెండున్నర.

నేనెంత కచ్చితమైన లెక్చరర్‌నో మీకు అర్థం కావాలంటే ముందు మా కోర్సు సైటు సంగతి చెప్పాలి. విన్నాక నా కచ్చితత్వం ఏపాటిదో మీరే తేల్చుకోవచ్చు.

కరోనా రోజుల్లో పాఠాలన్నీ ఫోన్లలోకి దూరినప్పుడు, ఎవరి సబ్జెక్టుకు వాళ్ళు ఒక ఆన్‌లైన్ సైటు తయారు చేయాలని మా కాలేజీ ఆర్డరు వేసింది. కాలేజీ చందాపుర దాటాక ఉంది. మా ఇల్లు బెంగుళూరు కాటన్‌పేటలో. రెండు బస్సులు మారి, రెండు గంటలు నిలబడి చేరుకునే క్లాసును వంటింటి పక్క బల్ల దగ్గర కూర్చునే చేరుకోవచ్చని తెలిసి నేను పొంగిపోయాను. ఆ పొంగులో సెలవులన్నీ ధారపోసి సైటు తయారుచేశాను. తొమ్మిది యూనిట్లు. ప్రతి యూనిట్‌కీ నోట్సు, వీడియో, లెక్కలు, చేసిన లెక్కలు పెట్టడానికి ‘సబ్మిట్’ అని ఒక పెట్టె. ఒక పెళ్ళి చేసినంత పనైంది.

మా కాలేజీలో సిస్టమ్స్ చూసే ఆయనది గుంటూరు వైపు. కాపురం ఊరికి ఆ కొసన హూడిలో. రోజూ హూడి నుంచి చందాపురకు వచ్చి వెళ్ళే మనిషి కాబట్టి శ్రమ తగ్గించేది ఏదైనా ఆయనకు దేవుడితో సమానం. నా సైటు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

“మేడమ్, ఇంత కష్టపడి చేశారు కదా, ఇంక లైఫ్‌లో మళ్ళీ చెయ్యక్కర్లేదు. నెక్స్ట్ సెమ్‌కి మొత్తం కాపీ కొట్టేస్తా. జస్ట్ వన్ క్లిక్.”

పిల్లలు కాపీ కొడితే నిలబెట్టి చీవాట్లు పెట్టే నేను, ఆ మాటకు ఆయనకు చేతులెత్తి దండం పెట్టినంత పని చేశాను. అప్పటి నుంచి ఏడు సెమిస్టర్లు గడిచాయి. ఏడూ ఒక్క క్లిక్కే.

ఒక్క క్లిక్కులో పాఠాలతో పాటు ఏమేం వస్తాయో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ముందు జలుబు వచ్చింది. సైటు తెరవగానే కనిపించే స్వాగత వీడియో తీసిన రోజు నాకు ముక్కు దిబ్బడ. ‘డియర్ స్టూడెంట్స్’ అనబోయి తుమ్మాను. ‘సారీ, జలుబు’ అని మళ్ళీ తుమ్మాను. రెండో నిమిషంలో మా నాయన లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలేసుకుని నా వెనకనుంచి తాపీగా నడుచుకుంటూ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కెమెరా వైపే చూసి, “ఈ పొద్దు కాఫీ ఇచ్చేదుండాదా, లేదా?” అన్నాడు. వీడియో మళ్ళీ తీయాలనుకున్నాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు. ప్రతి కొత్త బ్యాచీ మొదటి రోజు నన్ను చూడగానే “జలుబు తగ్గిందా మేడమ్?” అని పరామర్శిస్తుంది. ఒక బ్యాచి ఏకంగా ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చింది. అందరూ చుట్టూ నిలబడి చూస్తుంటే తాగక ఏం చేస్తాను? మా నాయనకైతే కాటన్‌పేటలో కంటే చందాపురలోనే ఎక్కువ పేరొచ్చింది. బస్టాపులో ముక్కూ మొహం తెలియని పిల్లలు కూడా “తాతకు కాఫీ ఇచ్చినారా?” అని అడుగుతారు.

తర్వాత వాన వచ్చింది. మొదటి సెమిస్టర్ చివర్లో కాలేజీ మళ్ళీ తెరిచాక ఒక రాత్రంతా వాన దంచి కొట్టి, కాలేజీ ముందు రోడ్డు మోకాలి లోతు మునిగింది. పొద్దున ఆరింటికి పిల్లల ఫోన్లకు చేరేలా సైట్లో ప్రకటన పెట్టాను: ‘ఈ రోజు కాలేజీకి సెలవు. నీళ్ళు తగ్గాక కలుద్దాం.’ సైటును కాపీ చేసినప్పుడు తేదీలన్నీ కొత్త సెమిస్టర్‌కు తగ్గట్టు వాటంతట అవే జరుగుతాయి. ఈ ప్రకటన కూడా నోరు మూసుకుని జరిగి, మార్చి నెలలో ఒక మంగళవారం కింద నక్కి కూర్చుంది.

ఆ మంగళవారం ఆరింటికి నా ఫోన్ మోగింది. చూశాను. సెలవట. ఎవరు పెట్టారో గానీ మంచి మనిషి అనుకుని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాను. తొమ్మిదిన్నరకు నాలుగో ఇడ్లీ మీద ఉండగా మా విభాగాధిపతి ఫోన్ చేశారు.

“మీ క్లాసులో పిల్లలెవరూ లేరు మేడమ్. మీరు కూడా లేరు.”

“సెలవు కదా సార్. నీళ్ళు తగ్గాలి కదా.”

“ఏ నీళ్ళు?”

కిటికీలోంచి చూశాను. ఎదురింటివాళ్ళు మేడ మీద మిరపకాయలు ఎండబోసుకుంటున్నారు. నా ప్రకటన నమ్మి తొంభైమంది పిల్లలు ఇంట్లో ఉండిపోయారంటే అర్థముంది. రాసినదాన్ని నేనే నమ్మి ఉండిపోయానంటే చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. ఆ దెబ్బతో సిస్టమ్స్ ఆయన దగ్గరికి వెళ్ళి, ఇకమీదట ఏది కాపీ చేసినా తేదీల జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పాను.

“ఓకే మేడమ్. డేట్స్ అస్సలు టచ్ చెయ్యను,” అన్నాడు. ఇచ్చిన మాట తప్పని మనిషి. నా కొంప ముంచింది ఆ గుణమే.

ఇక సైట్లో అన్నిటికన్నా అడుగున ఉండే పెట్టె. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ‘సాకు’ అని ఉంటుంది. ఆ ఆలోచన నాది కాదు, మా నాయనది. కాటన్‌పేటలో మాకు మూడు తరాలుగా తువ్వాళ్ళ హోల్‌సేల్ అంగడి ఉంది. పనివాళ్ళు ఆలస్యంగా వస్తే మా నాయన తిట్టడు. చిన్న చీటీ చేతికిచ్చి, ఎందుకు ఆలస్యమైందో రాసి ఒక పాత బిస్కెట్ డబ్బాలో వేయమంటాడు. దాన్ని అందరూ సాకు డబ్బా అంటారు. ఏటా ఆయుధపూజ రోజు కత్తెరలకూ గజం బద్దకూ కుంకుమ పెట్టాక, డబ్బా మూత తీసి చీటీలన్నీ పైకి చదువుతాడు. చదివేవాడూ నవ్వుతాడు, రాసినవాడూ నవ్వుతాడు. అన్నిటికన్నా గొప్ప సాకు రాసినవాడికి కొత్త తువ్వాలు.

నేనూ అలాగే పెట్టాను. గడువు దాటినవాళ్ళు ‘సాకు’ పెట్టెలో కారణం రాయాలి, ఆధారముంటే ఫోటో కూడా పెట్టొచ్చు, సెమిస్టర్ చివర ఉత్తమ సాకుకు కాటన్‌పేట తువ్వాలు. పిల్లలు విజృంభించారు. ఇంట్లో పిల్లి ఇంటర్నెట్ వైరు కొరికింది. ఒకబ్బాయికి ఒకే సెమిస్టర్లో ముగ్గురు అమ్మమ్మలు పోయారు. నలుగురు వేరువేరు ఊళ్ళ నుంచి పంక్చరైన టైరు ఫోటోలు పంపారు. చూస్తే నాలుగూ ఒకే టైరు, నాలుగు వైపుల నుంచి తీశారు. తువ్వాలు మాత్రం ‘మంచి సాకు ఆలోచిస్తూ ఉండగా గడువు దాటిపోయింది మేడమ్’ అని రాసినవాడికి ఇచ్చాను.

కానీ సాకు పడినప్పుడల్లా నా ఫోన్ మోగేది. అన్నం తింటుంటే టైరు, బస్సులో నిలబడితే అమ్మమ్మ. విసిగిపోయి ఆ ఒక్క పెట్టె నుంచి నాకు కబురు రాకుండా ఆపేశాను. తర్వాత సెమిస్టర్‌కు పెట్టె కాపీ అయింది, దాని నోరు నొక్కడం కూడా కాపీ అయింది. ఆ పైన చదవడం మానేశాను. తువ్వాలు మానేశాను. పెట్టె కింద రాసిన వివరణ ఎప్పుడో ఒక కాపీలో ఎగిరిపోయిందట, అదీ చూసుకోలేదు. ఉత్త పేరు మాత్రం అడుగున మిగిలింది.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా ఇంట్లో సాకులు రెండు. అంగట్లో వాడేది తెలుగు సాకు, అంటే కుంటిసాకు. అన్నం దగ్గర వాడేది కన్నడ సాకు, అంటే చాలు. ‘ఇంకొంచెం పులుసు పోసేదా?’ ‘సాకు, సాకు.’ మూడు తరాలుగా బెంగుళూరులో ఉన్న మాకు ఈ రెండూ ఏనాడూ ఒకదానికొకటి తగల్లేదు. ఒకటి అంగట్లోనే ఉండిపోతుంది, ఒకటి కంచం దాటి రాదు.

ఈ సెమిస్టర్ మొదట్లో సిస్టమ్స్ ఆయన యథాప్రకారం క్లిక్ కొట్టాడు, యథాప్రకారం తేదీలు ముట్టుకోలేదు. దాంతో సబ్మిట్ పెట్టెలన్నిటికీ పోయిన సెమిస్టర్ గడువులే ఉండి, అన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ఇది ప్రతిసారీ జరిగేదే. మొదటి వారంలో పిల్లలు క్లాసు గ్రూపులో గోల పెడతారు, నేను తేదీలు మార్చి పెట్టెలు తెరుస్తాను, తెరిచానని గ్రూపులో చెబుతాను. ఈసారీ మూడు రోజుల్లో తెరిచి, నా చురుకుదనాన్ని నేనే మెచ్చుకున్నాను.

ఆ అమ్మాయి ఆ గ్రూపులో లేదు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ వాళ్ళమ్మది, అది అమ్మతో ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. లైబ్రరీలో కంప్యూటరు దగ్గర కూర్చుని సైటు చూసుకునేది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అంతవరకూ నాకు ఆమె తొంభైమందిలో ఒక నంబరు, ఆ నంబరు పక్కన తొమ్మిది సున్నాలు. ‘ఇంకా పెట్టనివాళ్ళు కొంచెం సిగ్గుపడాలి’ అని నేను క్లాసులో అరిచినప్పుడల్లా ఆ అమ్మాయి చివరి బెంచీలోంచి అటూ ఇటూ చూసి, ఎవరో పాపం అనుకునేదట.

శుక్రవారానికి వస్తాను. పెన్ను కాగితం మీద ఆన్చాను. నా పేరులో మొదటి అక్షరం పడింది. స్టాఫ్ రూము గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. సన్నగా, భుజానికి గుడ్డ సంచీ తగిలించుకుని ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఊపిరి అందడం లేదు.

“మేడమ్, నా నంబరు లిస్టులో ఉండాదని చెప్పినారు.”

అత్తిబెలె పక్కనుంచి వచ్చే పిల్లల తెలుగు అది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా ఇంటి తెలుగుకు చెల్లెలు. ఆ చుట్టరికం చూసి కూడా నేను మెత్తబడలేదు.

“ఉంది. ఒక్క అసైన్‌మెంటు కూడా పెట్టలేదు కాబట్టి ఉంది.”

“అన్నీ పెట్టినాను మేడమ్.”

“ఎక్కడ పెట్టావు?”

“సాకులో.”

“సాకులు నాకు చెప్పకు.”

“చెప్పలేదు మేడమ్. ఏసినాను.”

“వేశావా? ఎన్ని వేశావు?”

“తొమ్మిది. ఒక్క గడువు దాటకుండా ఏసినాను.”

“అంటే తొమ్మిది సాకులు చెప్పానని నీ నోటితో నువ్వే ఒప్పుకుంటున్నావు.”

“సాకులు కాదు మేడమ్, లెక్కలు!”

“నీ సాకులకు లెక్కే లేదని తెలుస్తూనే ఉంది.”

ఈ మాట నాకు చాలా బాగా కుదిరిందనిపించి పక్క బల్ల మేడమ్ వైపు చూశాను. ఆమె నవ్వలేదు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా గుమ్మం వదల్లేదు.

“మొదటి వారం సబ్మిట్ డబ్బా మూసేసి ఉండె మేడమ్. కింద సాకు ఒకటే తెరిచి ఉండె. ఓహో, చేసింది ఇంక సాకు అనుకుంటే దాంట్లో ఏయల్ల గాబోలు, మేడమ్ భలే పేరు పెట్టినారే అనుకుంటి. తర్వాత పైది తెరిచినా, మొదటిది ఏసిన దాంట్లోనే అన్నీ ఏసుకుంటా వస్తి.”

ఆ మాటనే మళ్ళీ అనుకున్నాను. చేసింది ఇంక సాకు అనుకుంటే. చేసింది ఇంక చాలు అనుకుంటే. గంట క్రితమే పక్క బల్ల మేడమ్ తన చిత్రాన్నం నాకు వడ్డించబోతే, నా డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి నేనే అన్నాను, ‘సాకు, సాకు’ అని. నోట్సు చదివి, వీడియో చూసి, లెక్కలు చేసి, అన్నీ అయ్యాక అడుగున ‘చాలు’ అని ఒక పెట్టె తెరిచి ఉంటే బుద్ధున్నవాళ్ళెవరైనా దాంట్లోనే వేస్తారు. పేరు పెట్టింది నేను, అందులోని కన్నడ సాకు ఆమెకు కనిపించింది, నాకు కనిపించలేదు.

చెవుల దాకా వేడెక్కింది. కంప్యూటరు ముందుకు లాక్కుని, ఎన్నాళ్ళుగానో తెరవని ఆ పెట్టె తెరిచాను. ముందు టైరు కనిపించింది. అదే టైరు. మొదటి బ్యాచి వాళ్ళు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆస్తిలా అప్పగించి పోయినట్టున్నారు. నా సైటు కంటే ఆ టైరే నయం, ఎక్కడా చెడకుండా కాపీ అవుతూ వచ్చింది. ఆ కింద వరసగా ఆమె నంబరు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదీ ఉన్నాయి. తొమ్మిదీ గడువులోపే పడ్డాయి.

“కూర్చో అమ్మా,” అన్నాను.

గడియారం మూడు దగ్గరికి వస్తోంది. ఒక్కొక్కటే తెరిచి దిద్దడం మొదలుపెట్టాను. మీ చుట్టుపక్కల నుంచి ముప్ఫై కొలతలు సేకరించి సగటు కట్టండి అన్నది మూడో అసైన్‌మెంటు. మిగతావాళ్ళందరూ క్రికెట్ స్కోర్లు దించేశారు. ఈ అమ్మాయి ముప్ఫై రోజులు పొద్దున్నే వాళ్ళమ్మతో చందాపుర సర్కిల్లో నిలబడి, ఫ్యాక్టరీ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రాసుకుంది. సగటు కట్టింది, మధ్యగతం కట్టింది, కింద ఒక వాక్యం రాసింది: ‘బస్సు లేటైతే అమ్మ సంజాయిషీ చెప్పుకోవాలి, కానీ లేటయ్యేది బస్సు, అమ్మ కాదు.’ దాన్ని రెండోసారి చదివి, పూర్తి మార్కులు వేశాను.

మార్కుల కన్నా ఎక్కువగా నా మనసును కలుక్కుమనిపించింది ఇంకొకటి ఉంది. ప్రతి అసైన్‌మెంటు కింద నాకో మాట రాసి పెట్టింది. మొదటి దాని కింద, ‘సాకా మేడమ్?’ చాలా మేడమ్ అని. రెండో దాని కింద కూడా అదే. అయిదో దాని కింద, ‘సాకా మేడమ్? మీరేం చెప్పలేదు.’ ఏడో దాని కింద, ‘సాలకుంటే చెప్పండి మేడమ్, ఇంకా చేస్తాను.’ తొమ్మిదో దాని కింద మళ్ళీ మొదటికొచ్చి, ‘సాకా మేడమ్?’ అని మాత్రం ఉంది.

ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూడలేకపోయాను. ఇరవైకి పదిహేడు వచ్చాయి. జాలిపడి వేసినవి కావు, ఆరో దాంట్లో రెండు, ఏడో దాంట్లో ఒకటి నిజంగానే తగ్గించాను. ఒక్క అక్షరం సంతకం పడిన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, కొత్త మార్కుల షీటు పట్టుకుని పరీక్షల విభాగం వైపు పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఆవరణలో పరుగెత్తుతుంటే దారిలో ఎవరో “జలుబు తగ్గిందా మేడమ్?” అని అడిగారు. నాలుగవడానికి అయిదు నిమిషాలుందనగా చేరాను.

అక్కడి గుమాస్తా షీటు అటూ ఇటూ తిప్పి చూసి, “మార్పుకు కారణం అని కాలమ్ ఉండాది మేడమ్, అది ఖాళీగా ఉండాది,” అన్నాడు.

సర్వర్ సమస్య అని రాద్దామనుకున్నాను. అందరూ రాసేది అదే, ఎవరూ అడగరు. తేదీలు మారలేదని సిస్టమ్స్ ఆయన మీదికి నెట్టేద్దామా అని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ పెట్టెలో పిల్లలు రాసిన పిల్లులూ అమ్మమ్మలూ గుర్తొచ్చాయి. ‘విద్యార్థిని సకాలంలో పెట్టింది. నేను చూడలేదు’ అని రాశాను. గుమాస్తా చదివి నా వంక కొత్తగా చూశాడు. ఆ కాలమ్‌లో అటువంటిది ఆయన ఎప్పుడూ చదివినట్టు లేదు.

బయట మెట్ల మీద ఆ అమ్మాయి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. “అయిపోయిందమ్మా, పరీక్ష రాస్తున్నావు,” అన్నాను. లేచి నిలబడింది. సంచీలోంచి చిన్న కీప్యాడ్ ఫోన్ తీసి, ఫ్యాక్టరీలో ఉన్న వాళ్ళమ్మకు చేసింది. “మా, నేను మీ ఫ్యాక్టరీకి వచ్చేది లేదు పో,” అంది. అవతల ఏమన్నారో గానీ, పకపకా నవ్వింది.

సాయంత్రం ఇంట్లో జరిగిందంతా మా నాయనకు చెప్పాను. మార్చి సెలవు సంగతికి నవ్వినట్టే దీనికీ నవ్వాడు. “సాకులో ఏసినాను అనిందా? నువ్వు సాకులు చెప్పొద్దంటివా?” అని రెండుసార్లు చెప్పించుకుని, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, “పేరే తప్పు నాయనా. రెండు సాకులుంటాయని తట్టలా. పేరు మార్చేస్తా,” అన్నాను.

నాయన నవ్వు ఆపేశాడు.

“పేరుకేమమ్మా, బాగానే ఉండాది. నేను ఏటా ఆయుధపూజకి మూత తెరుస్తా ఉంటిని. నువ్వు ఎన్నిసార్లు తెరిచినావు?”

నా దగ్గర ఒక్క సాకు కూడా లేదు. నాకు సిగ్గేసింది, ఎప్పుడూ వెయ్యనంత సిగ్గేసింది. వంటింటి పక్క బల్ల దగ్గర, ఆ వీడియో తీసిన చోటే, లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ‘సాకా మేడమ్?’ అన్న ప్రశ్నలు తొమ్మిదీ అలాగే ఉన్నాయి. మొదటి దాని కింద ‘సాకమ్మా’ అని కొట్టాను. అలవాటు ప్రకారం దాన్నే కాపీ చేసి మిగతా ఎనిమిదింటి కింద అతికించేద్దామని వేళ్ళు వెళ్ళాయి. వెనక్కి తీసుకున్నాను. రెండోది వేరేగా రాశాను. మూడో దాని కింద, ‘సాకు తల్లీ. మీ అమ్మతో చెప్పు, లేటయ్యేది బస్సేనని మీ స్టాటిస్టిక్స్ మేడమ్ కూడా ఒప్పుకుందని.’ ఏడో దాని కింద, ‘సాలదు. రెండో లెక్కలో వర్గమూలం తియ్యడం మర్చిపోయావు, మళ్ళీ చెయ్యి.’ తొమ్మిదో దాని కింద, ‘సాకు. నేనే ఆలస్యం.’ ఒక్కటీ కాపీ చెయ్యలేదు.

తొమ్మిదోది కొట్టి చెయ్యి తీసేలోపే కింద కొత్త వాక్యం వచ్చింది. అమ్మ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ ఇంటికి తెచ్చినట్టుంది.

‘ఏడోది మళ్ళీ చేసి సాకులోనే ఏస్తా మేడమ్. తాతకు కాఫీ ఇచ్చినారా?’

నా వెనకనుంచి మా నాయన తాపీగా నడుచుకుంటూ వెళ్తున్నాడు. భుజాన తువ్వాలు ఉండే ఉంటుంది. తిరిగి చూడకుండానే లేచి వెళ్ళి పొయ్యి వెలిగించాను.